గోలీసోడా సరస్సు: పొడిమంచు, గడ్డ రెండర్ చేసిన ఒక కేసు

మా చేతికి వచ్చిన కాగితంలో ఆ సీక్వెన్సు గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క: "మంచు సరస్సు మీద నడక." సినిమాలకు కంప్యూటర్‌లో దృశ్యాలు తయారుచేసే మా వృత్తిలో ఇంతకంటే ప్రమాదకరమైన తెలుగు వాక్యం నేను చూడలేదు. ధనుర్మాసంలో పొలాల మీద కమ్ముకునేదీ మంచే, తెల్లవారి గడ్డి కొసన నిలిచేదీ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతున పేరుకునేదీ మంచే. వారం తిరిగేసరికి ఎఫెక్ట్స్ చూసే కుర్రవాడు సరస్సు నిండా ముచ్చటైన పొగమంచు కమ్మించి తెచ్చాడు. అతన్ని ఏమనగలం? ఆ సాయంత్రమే బోర్డు మీద రాసుకున్నాం: కురిసి పేరుకున్నది పొడిమంచు, నీరు గట్టిపడితే గడ్డ, గాలిలో తేలేది పొగమంచు. ఇక్కడా అవే మాటలు వాడతాను.

సినిమా ఏదో, సంస్థ ఏదో, మనుషులెవరో చెప్పను. కథను పట్టిచ్చే ఆనవాళ్లు కూడా తీసేశాను. పనిలో జరిగిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. వాటిలో సగం నావే.

నేపథ్యం

నటుడి నడకను హైదరాబాద్‌లో మే నెలలో, ఆకుపచ్చ తెర కట్టిన ఫ్లోరులో తీశారు. కాళ్ల కింద రాళ్ల ఉప్పు పరిచారు. ఉన్ని కోటు వేసుకున్న మనిషికి టేకు టేకుకూ చెమట తుడవడానికి ఒకరు పక్కనే నిలబడాల్సి వచ్చింది. వెనుక కనిపించే ప్లేట్లు, అంటే నిజమైన చోట తీసిన నేపథ్య దృశ్యాలు, హిమాచల్‌లో ఫిబ్రవరి చివర తీసినవి. చుట్టూ కొండలు, దేవదారు చెట్లు, నిజమైన పొడిమంచు అన్నీ ఉన్నాయి. సరస్సు మాత్రం లేదు, ఉన్నది మైదానం. దాన్ని గడ్డకట్టిన సరస్సుగా మార్చడం, ఒడ్డున ఉన్న పొడిమంచును నటుడి కాళ్ల దాకా పొడిగించడం మా పని. షాట్లు 11, గడువు రెండు నెలలు, సాధనం బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్, అందులో కాంతిని లెక్కగట్టి బొమ్మ తీసే (రెండర్ చేసే) సైకిల్స్ రెండరర్. ప్లేట్లతో పాటు అక్కడి వెలుగును కొలవడానికి ప్రతి చోటా తీసిన గ్రే బాల్ (బూడిదరంగు బంతి), క్రోమ్ బాల్ (అద్దంలాంటి బంతి) ఫొటోలూ, ఆకాశపు వెలుగును తీవ్రతతో సహా పట్టే హెచ్‌డీఆర్‌ఐ ఫొటోలూ వచ్చాయి. ఆ చలిలో ఓపిగ్గా అవి తీసిన మనిషెవరో గాని, వారికి రుణపడి ఉన్నాం.

మేం ఐదుగురం. పొడిమంచులో కాలు పెట్టినవారు మాలో ఒక్కరూ లేరు. లంబసింగిలో ఒక డిసెంబరు తెల్లవారుజామున గడ్డి మీద తెల్లటి నూగు చూసిన అమ్మాయే మా అందరిలోకీ అనుభవజ్ఞురాలు. సరదాకి చెప్పడం లేదు. కంటితో చూడని వస్తువును చేయబోతే, దానికి దగ్గరగా ఉన్న ఇంకేదో వస్తువు మనసులోకి వచ్చి కూర్చుంటుంది. మాకు సున్నం, మైనం, సీసా వరుసగా వచ్చి కూర్చున్నాయి.

సమస్య

మొదటి రివ్యూలో దర్శకుడు ఎక్కువ మాట్లాడలేదు. "ఒడ్డు సున్నం కొట్టినట్టుంది. సరస్సు గోలీసోడా సీసాలా ఉంది" అన్నారు. రెండూ నిజమే. ఒడ్డుకు మా వాళ్లు వేసింది స్వచ్ఛమైన తెలుపు, పైన కాస్త ఎగుడుదిగుళ్లు. సరస్సుకు వేసింది గాజు షేడర్ (వస్తువు కాంతికి ఎలా స్పందించాలో చెప్పే అమరిక), దాని మీద పులిమిన లేత నీలం.

గాజు గాజులా కనిపించడంలో వింత లేదు. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.5, గడ్డది 1.31. నిటారుగా చూస్తే గాజు ఉపరితలం 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది, గడ్డ 1.8 శాతమే. అంటే మెరుపు సగానికి లోపు. ఆ ఒక్క అంకె మార్చగానే సీసాతనం కొంత తగ్గింది, నీలం మాత్రం పోలేదు. దర్శకుడికి నీలం ఇష్టమే కూడా. ఆయన పంపిన రిఫరెన్స్ ఫొటోలన్నీ బైకాల్ సరస్సువి. శీతకాలం చివర అక్కడ గడ్డ పలకలు ఒకదాన్నొకటి తోసుకుని నిలువుగా లేస్తాయి, వెనుక సూర్యుడుంటే పచ్చల్లా వెలుగుతాయి. మా సరస్సు బల్లపరుపు. ఆ నీలం దీనికి ఎక్కడి నుంచి వస్తుందనే ప్రశ్న అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు.

ఏమేం చేసి చూశాం

ఒడ్డుతో మొదలుపెట్టాం. తెలుపు విలువ 1.0 అని పెట్టిన కుర్రవాడి వాదన సూటిగా ఉంది: "పొడిమంచు కంటే తెల్లనిది ఏముంది అన్నా?" కానీ 1.0 అంటే పడిన కాంతిలో రవ్వ కూడా మిగుల్చుకోని వస్తువు. కొత్తగా కురిసిన పొడిమంచు వెనక్కి పంపేది 80 నుంచి 90 శాతం. పుస్తకంలో అంకె చూసి ఊరుకోకుండా ప్లేటులో కొలిచాం. గ్రే బాల్ 18 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. దాని మీద ఎండ నేరుగా పడిన చోటును, అదే వాలులో ఉన్న పొడిమంచుతో పోలిస్తే రెండు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు) కంటే కాస్త ఎక్కువ తేడా వచ్చింది. అంటే 0.85 దగ్గర. అదే పెట్టాం. తెల్లగా మండిపోతున్న చోట్ల ఆకారం తిరిగి కనిపించింది.

వెంటనే కొత్త తిప్పలు వచ్చాయి. అడుగుల గుంటలు బురదలో పడినట్టు నల్లబారాయి. సైకిల్స్‌లో డిఫ్యూజ్ బౌన్స్‌లు, అంటే మెరుపులేని వస్తువుల మీద కాంతి ఎన్నిసార్లు తగిలి ఎగరవచ్చో ఆ లెక్క, మామూలుగా 4 ఉంటాయి. గోడకో నేలకో అవి చాలు, ఎందుకంటే నాలుగు దెబ్బలకు కాంతి ఎలాగూ అడుగంటుతుంది. 0.85 ఉన్న వస్తువులో నాలుగు దెబ్బల తరువాత కూడా సగానికి పైగా కాంతి మిగిలే ఉంటుంది. గుంటలో గోడ నుంచి గోడకు తిరుగుతున్న ఆ కాంతిని మేమే మధ్యలో గొంతు నొక్కేస్తున్నాం. 12కు పెంచాం. రెండర్ సమయం పెరిగింది, గుంటలు తేరుకున్నాయి.

అయినా సున్నమే. కాంతి లోపలికి దిగి పక్కనుంచి బయటికి రావడం లేదు. ఆ పని చేసే సబ్‌సర్ఫేస్ అనే అమరిక పెట్టాం, తేడా కనిపించలేదు. కాంతి లోపల ఎంత దూరం నడవాలో చెప్పే స్కేలు రెట్టింపు చేశాం, కనిపించలేదు. అప్పుడు ఆగి ఎందుకని అడగాల్సింది. బదులుగా నేను, అవును నేనే, "కనిపించేదాకా పెంచు" అన్నాను. వందకు దగ్గరగా వచ్చేసరికి కనిపించింది. ఒడ్డంతా గులాబీ రంగు అంచులతో, కాగుతున్న మైనంలా. ఆ గులాబీకి కారణం తేలిగ్గానే దొరికింది: బ్లెండర్‌లో సబ్‌సర్ఫేస్ వ్యాసార్థం ఎరుపుకు 1.0, ఆకుపచ్చకు 0.2, నీలానికి 0.1 అని మొదట్నుంచీ ఉంటుంది. అది చర్మం లెక్క. అరచేతి వెనుక టార్చి పెడితే ఎర్రగా కనిపించేది అందుకే. పొడిమంచులో వ్యవహారం తలకిందులు, ఎరుపే ముందు ఇంకిపోతుంది. కాబట్టి అంకెలను తిరగేశాం. ఒడ్డు నీలంగా, ప్లాస్టిక్ బొమ్మల దుకాణంలా తయారైంది.

ఇక్కడ మేం కలిపేసిన రెండు విషయాలున్నాయి. పొడిమంచు నీడలు నీలంగా ఉండేది ఎక్కువగా ఆకాశం వల్ల. ఎండ తగలని చోటికి వచ్చేది ఆకాశపు కాంతే, తెల్లని వస్తువు దాన్ని యథాతథంగా చూపిస్తుంది. ఆ నీలం మా హెచ్‌డీఆర్‌ఐలో ముందే ఉంది. పొడిమంచు తన లోపలి నుంచి చూపించే నీలం వేరు, దానికి కాంతి చాలా దూరం నడవాలి. పైపై రెండు మూడు సెంటీమీటర్లలో మూడు రంగులకూ పెద్ద తేడా ఉండకూడదు. మేం ఒకే నీలాన్ని రెండుసార్లు వడ్డించాం.

178 అనే అంకె

ఇదే సమయంలో సరస్సు పని ఇంకొకరు చూస్తున్నారు. ఉపరితలానికి నీలం పులమడం తప్పని ఆమెకు తెలుసు. రంగు తీసేసి గడ్డ లోపల శోషణ పెట్టింది, అంకెలు కూడా సరైనవే. స్వచ్ఛమైన గడ్డలో ఒక మీటరు నడిస్తే 600 నానోమీటర్ల దగ్గర ఉండే నారింజ కాంతిలో పదో వంతు తరుగుతుంది, నీలంలో తరిగేది లెక్కలోకి రానంత. మా సరస్సు గడ్డ మందం 40 సెంటీమీటర్లు. ఈ లెక్కన రంగు కనిపించనే కూడదు. రెండర్‌లో మాత్రం సిరాబుడ్డి వచ్చింది.

తప్పు అంకెతో తప్పు బొమ్మ వస్తే అంకె మారుస్తాం. సరైన అంకెతో తప్పు బొమ్మ వచ్చింది. మధ్యాహ్నమంతా షేడర్‌లోని ముక్కలను (నోడ్లను) విప్పి చూశాం. చివరికి ఆమె అసలు సంబంధం లేనట్టు కనిపించే పని చేసింది: కథానాయకుడి డిజిటల్ డబుల్‌ను (కంప్యూటర్‌లో చేసిన ప్రతిరూపాన్ని) ఎంచుకుని కొలతల గడి చూసింది. ఎత్తు 178. బ్లెండర్‌లో అవి మీటర్లు.

మోడల్స్ సెంటీమీటర్లను యూనిట్‌గా పెట్టుకునే వేరే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చాయి. దిగుమతి చేసేటప్పుడు మార్పిడి పెట్టలేదు. మనిషి, కొండ, కెమెరా అన్నీ ఒకే నిష్పత్తిలో నూరు రెట్లు పెరిగాయి కాబట్టి ఫ్రేములో ఎవరి కంటికీ ఏ తేడా కనిపించలేదు. కాంతి లోపల నడిచే పదార్థాలకు మాత్రమే ఆ తేడా తెలుస్తుంది. 40 సెంటీమీటర్ల గడ్డ మాకు తెలియకుండా 40 మీటర్లైంది. అంత లోతు దాటాక నారింజ కాంతిలో నూటికి ఒక వంతు కూడా మిగలదు. ఒడ్డున సబ్‌సర్ఫేస్ పనిచేయకపోవడానికీ కారణం అదే. మూడు సెంటీమీటర్లు అని మేం పెట్టినది, నూరు రెట్ల లోకంలో వెంట్రుక వాసి. నేను "పెంచు, పెంచు" అని చెప్పి దాదాపు నూరు దగ్గర ఆగానంటే, కన్ను తన పని తాను చేస్తూనే ఉందన్నమాట. బుద్ధే వెనుకబడింది.

దృశ్యాన్ని అసలు కొలతకు తెచ్చి, ఒడ్డు షేడర్‌ను మొదటి నుంచి కట్టాం. తెలుపు 0.85, సబ్‌సర్ఫేస్ మూడు సెంటీమీటర్లు, మూడు రంగుల నిష్పత్తి దాదాపు సమానం, నీలం వైపు పిసరంత మొగ్గు. పొడిమంచును నిజమైన వాల్యూమ్‌గా, రేణువు రేణువుగా కాంతిని చెదరగొట్టే పదార్థంగా చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. దట్టమైన కుప్ప విషయంలో రెండు దారులూ ఒకే ఊరికి పోతాయి, వాల్యూమ్ దారిలో టోలు ఎక్కువ. వద్దనుకున్నాం.

ఐసు ఫ్యాక్టరీ పాఠం

కొలత సరిచేశాక సరస్సు నల్లబడింది. ఇది సరైన ఫలితమే. స్వచ్ఛమైన గడ్డ పారదర్శకం, కింద నీరు చీకటి, కాబట్టి కనిపించేది నలుపు. దర్శకుడు చూసి "ఇది నీళ్లు కదా, గడ్డ ఏది?" అన్నారు. మళ్లీ నిజమే.

మరునాడు ఉదయం చేపల మార్కెట్టుకు వెళ్లి ఐసు దిమ్మె ఒకటి కొన్నాం. పొడవాటి దిమ్మె, అంచులు అద్దంలా స్పష్టంగా ఉన్నాయి, నడుమ నిలువునా పాలలాంటి తెల్లటి కండ. తెలుపు ఎక్కడిదని అడిగితే ఐసు కొట్టే ఆయన సుత్తి ఆపకుండానే చెప్పాడు: "అది గాలి బాబూ. డబ్బాలో నీళ్లు చుట్టూ నుంచి గడ్డ కడతాయి. గాలికి పోయే దారి లేక నడిమికి చేరుద్ది." ఉప్పునీటిలో ముంచిన డబ్బాల్లో గడ్డ బయటి నుంచి లోపలికి పెరుగుతుంది. నీటిలో కరిగి ఉన్న గాలినీ లవణాలనూ ముందుకు తోసుకుంటూ పోతుంది, చివరికి అవి చిక్కుకునేది నడుమ. సరస్సులో అదే పని పైనుంచి కిందికి జరుగుతుంది. రంగు లేని గడ్డకు తెలుపును ఇచ్చేవి బుడగలూ పగుళ్లూ.

దిమ్మెను మేడ మీదికి తెచ్చి, ఎండలో గ్రే బాల్ పక్కన పెట్టి ఫొటోలు తీశాం. కరిగిపోకముందే భూతద్దంతో ఒక్కో బుడగనూ చూశాం. అంచున సన్నటి వెండి వలయం, నడుమ దాదాపు ఏమీ లేదు. గడ్డ నుంచి గాలిలోకి వచ్చే కాంతి 49.8 డిగ్రీల కంటే ఏటవాలుగా తగిలితే మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. ఆ వెండి అదే. మా మొదటి బుడగల్లో అది లేదు. అవి గడ్డలో ఇరుక్కున్న గాజు గోలీల్లా ఉన్నాయి, గోలీసోడా పోలిక మమ్మల్ని వదలడం లేదని అందరం నవ్వుకున్నాం. కారణం చిన్నది: బుడగల ముఖాలు బయటికి తిరిగి ఉన్నాయి. రెండరర్ దృష్టిలో అవి గడ్డలో మరిన్ని గడ్డ ఉండలు. ముఖాలను బుడగ లోపలివైపుకు తిప్పగానే లోపల గాలి ఉన్నట్టు లెక్క కుదిరింది, వెండి వచ్చింది. పగుళ్లకూ అదే సూత్రం. ఒంటి పొర రేకులా కాకుండా, మూసి ఉన్న సన్నని గాలి పొరగా మోడల్ చేస్తే చాలా కోణాల్లో తెల్లటి తెరలా మెరిశాయి.

బుడగలు వచ్చినా కొన్నాళ్లు మసిబారినట్టు ఉన్నాయి. ఒక చోటికి ఎండ తగులుతుందో లేదో చూడటానికి రెండరర్ సూర్యుడి వైపు పంపే నీడ కిరణాలను గడ్డ ఉపరితలం అడ్డుకుంటోంది. లోపలికి వెలుగు రావాలంటే రెండరర్ కాస్టిక్స్ దారినే, అంటే గడ్డ గుండా వంగి వచ్చే కాంతి దారినే, వెతుక్కోవాలి, ఆ దారి నిండా నాయిస్ (బొమ్మలో చెదురుమదురు చుక్కలు). నీడ కిరణాలకు మాత్రం ఉపరితలం పారదర్శకంగా కనిపించేలా షేడర్‌లో మార్చాం. భౌతికంగా ఇది మోసం, వెలుగు వంగకుండా నేరుగా దిగిపోతుంది. ఆ వంపు ప్రేక్షకుడికి తెలియదు, మసి తెలుస్తుంది. అందుకే మోసానికి ఒప్పుకున్నాను.

ఒక తప్పు మాత్రం నాలుగు రోజులు తిన్నది. రెండర్ తేలికవుతుందని గడ్డ కింది నీటిని తీసేశాను. కొండల ప్రతిబింబం రెండుసార్లు కనిపించడం మొదలైంది, ఒకటి స్పష్టంగా, దాని కింద కాస్త జరిగి ఇంకొకటి నీరసంగా. గడ్డకూ నీటికీ గుణకాలు 1.31, 1.33. నిటారుగా చూస్తే ఆ సరిహద్దు వెనక్కి పంపేది పదివేల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. నీరు తీసేస్తే అక్కడ గాలి ఉన్నట్టు లెక్క, అడుగు కూడా రెండో అద్దమైపోతుంది. అడుగు ముఖానికి ప్రతిబింబం లేని ముదురు మెటీరియల్ పెట్టి ముగించాం.

దర్శకుడి నీలం సంగతి మిగిలింది. భౌతిక శాస్త్రం చెప్పి ఆయన నోరు మూయించడం నాకు నచ్చదు, అడిగినచోటల్లా రంగు పులమడమూ నచ్చదు. ఒడ్డు పక్కన నిలువుగా లేచిన పలకలు కొన్ని పెట్టి, వాటిని మందంగా చేసి, వెనుక నుంచి ఎండ వచ్చేలా అమర్చాం. కాంతి పలక పొడవునా నడిచే చోట నీలం దానంతట అదే వచ్చింది. శోషణ విలువను అక్కడ మాత్రం మూడు రెట్లు చేశాను, ఒప్పుకుంటున్నాను. ఆయనకు కావలసింది దొరికింది, మిగతా సరస్సు సరస్సులాగే ఉంది.

తళుకులు

ఎండలో పొడిమంచు మీద కనిపించే తళుకులను మొదట నాయిస్ టెక్స్చర్‌తో (యాదృచ్ఛికంగా పడే నమూనాతో) చుక్కలుగా వేశాం. నిశ్చల చిత్రంలో బాగుంది. కెమెరా కదలగానే పెళ్లి చీర చమ్కీలు. ప్రతి స్ఫటికపు చదును ముఖమూ ఒక చిన్న అద్దం, సూర్యుడికీ కంటికీ నడుమ సరిగ్గా కుదిరినదే మెరుస్తుంది. అడుగు పక్కకు వేస్తే అవి ఆరి వేరేవి వెలగాలి. మా చుక్కలు ఎటు వెళ్లినా వెలుగుతూనే ఉన్నాయి.

కెమెరాకు మూడు మీటర్ల లోపు నిజమైన షట్కోణ రేకులను లక్షలుగా చల్లి, ఒక్కోదాన్ని ఒక్కో దిక్కుకు తిప్పాం. దూరంగా ఆ పని దండగ, అక్కడ గరుకుదనంతో సరిపెట్టాం. రెండర్ చూస్తే తళుకులు లేవు! గంటకు పైగా రేకుల కోసం వెతికాం. రేకులు ఉన్నాయి, వాటి తళుకులను తినేసింది బొమ్మలోని నాయిస్‌ను తుడిచే డీనాయిజర్. ఒంటరిగా మెరిసే పిక్సెల్‌ను అది మచ్చ అనుకుంటుంది, దాని పనే అది. పైగా పరోక్ష కాంతికి పెట్టిన క్లాంప్ (వెలుగుకు పై హద్దు) మిగిలినవాటినీ కత్తిరించింది. తళుకులను విడి పాస్‌గా (వేరే రెండర్ పొరగా), డీనాయిజర్ లేకుండా, క్లాంప్ లేకుండా, ఎండ ఒక్కటే వెలుగుగా తీసి, పొరలన్నీ ఒక బొమ్మగా చేర్చే కంపోజిటింగ్‌లో కలిపాం. నాయిస్ ఏదో తళుకు ఏదో తేల్చే పనిని యంత్రానికి అప్పగించకూడదని ఆ రోజు నుంచి మా అందరికీ పట్టుదల.

నటుడి బూట్ల చుట్టూ జానెడు మేర ఫ్లోరులోని ఉప్పునే ఉంచేశాం. అడుగు పడ్డప్పుడు అది కుంగి చిందిన తీరు నిజం, అంత సహజంగా మేం చేయలేం. ఉప్పు గుణకం 1.54 కాబట్టి కాస్త ఎక్కువ మెరుస్తుంది, రంగు, వెలుగు సరిదిద్దే గ్రేడింగ్‌లో దించాం. ఎవరూ పట్టుకోలేదు.

ఇప్పుడు చేసే పద్ధతి

ఏ దృశ్యం వచ్చినా షేడర్ తెరవకముందే మనిషి ఎత్తు చూస్తాం. నిమిషం పని, ఆ కేసులో మాకు మూడు వారాలు మిగిల్చేది. పక్కనే 30 సెంటీమీటర్ల ఘనం ఒకటి, 18 శాతం బంతి ఒకటి ఎప్పుడూ ఉంటాయి. కొత్త మెటీరియల్ ముందు ఆ ఘనం మీద, ఎండలో తీసిన ఫొటో పక్కన నెగ్గాలి, ఆ తరువాతే షాట్‌లోకి వెళుతుంది. ఒక విలువను పది రెట్లు పెంచినా బొమ్మ కదలకపోతే, పదకొండో రెట్టు పెంచడం మానేసి యూనిట్లు చూడమని కొత్తవాళ్లకు చెబుతున్నాను. చెప్పేటప్పుడు కొంచెం సిగ్గేస్తుంది.

చివరి రివ్యూలో 11 షాట్లూ వరుసగా నడిచాయి. దర్శకుడు రెండుసార్లు చూశారు. ఒడ్డు గురించి గాని, సరస్సు గురించి గాని ఒక్క మాటా లేదు. మూడోసారి దగ్గరి షాటు దగ్గర ఆపించి, తెరకు దగ్గరగా వెళ్లి నటుడి ముఖం చూపించారు.

"ఇంత చలిలో ఇతని నోట్లోంచి ఆవిరి రాదేమిటి?"

మే నెల, ఉన్ని కోటు, చెమట తుడిచే మనిషి. గదిలో ఎవరికీ తట్టలేదు. పొగమంచు చేసిన కుర్రవాడు అప్పటికే చెయ్యెత్తాడు.